పక్కన కూర్చుని వేప్ లాగితే మనకేం కాదా? "ఉత్త నీటి ఆవిరే" అంటున్నాడు

పక్కగది_ప్రాణి
మా బావమరిది ఉద్యోగం మారి, ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉంటున్నాడు. మనిషి మంచివాడే, గొడవేమీ లేదు, కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచీ చేతిలో ఆ వేప్ (ఈ-సిగరెట్) ఉండాల్సిందే. సిగరెట్ అయితే ఎప్పుడో బయటికి పొమ్మనేవాణ్ణి. ఇది హాల్లో సోఫాలో కూర్చునే, టీవీ చూస్తూనే, మాటల మధ్యలోనే లాగుతుంటాడు. అడిగితే "బావా, ఇది పొగ కాదు, ఉత్త నీటి ఆవిరి, కాస్త స్ట్రాబెర్రీ వాసన, అంతే" అంటాడు. సాయంత్రానికి నాకు గొంతు గరగర, కళ్ళ మంట. మా ఆవిడకేమో ఏమీ అనిపించదు, పైగా "నీకు మొదట్నుంచీ మా వాళ్ళంటే పడదు" అని అదొక కేసు. ఇంట్లో చిన్న పాప ఉంది. పక్కనున్నవాళ్ళకి నిజంగా ఏమన్నా అవుతుందా, లేక నాదంతా అనుమానమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. నెట్‌లో వెతికితే ఒకడు కాలకూట విషం అంటాడు, ఇంకొకడు పన్నీరు చల్లినట్టే అంటాడు.

రెండు_చుక్కలు
బావమరిది అన్నాక ఇది ఆరోగ్య సమస్య కాదు సోదరా, రాజ్యాంగ సంక్షోభం. నేను ఈ మూల కూర్చుని చదువుకుంటా.

గాజుకళ్ళు
కళ్ళ మంట నాకూ ఉంది. నేను కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటాను. మా టీమ్‌లో ఒకాయన మీటింగ్ రూమ్‌లో చాటుగా లాగి, తల వంచి టేబుల్ కిందికి వదులుతాడు. ఎవరికీ తెలియదనుకుంటాడు పాపం. మీటింగ్ అయ్యేలోపు లెన్సులు తీసి పారేయాలనిపిస్తుంది.

మబ్బుల_మారాజు
వేప్ లాగేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి మా వైపు వాదన కూడా వినండి. ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగి, నికోటిన్ గమ్ములూ ప్యాచ్‌లూ అన్నీ అయ్యాక దీనివల్లే మానగలిగాను. సిగరెట్‌తో పక్కవాళ్ళ మీద పడేదాంట్లో ఎక్కువ భాగం మనం నోటితో వదిలే పొగ కాదు, వేళ్ళ మధ్య పెట్టుకుని కబుర్లు చెబుతుంటే దాని కొస నుంచి ఊరికే లేచే పొగ. వేప్‌కి ఆ కొసే లేదు. లాగినప్పుడే లోపలున్న కాయిల్ అనే తీగ వేడెక్కుతుంది, ఆపితే ఆగిపోతుంది. ఆకు కాలదు, తారు రాదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు. దీన్నీ సిగరెట్‌నీ ఒకే గాటన కట్టేస్తే మాలాంటివాళ్ళు "రెండూ ఒకటే అయినప్పుడు పాతదే నయం కదా" అని వెనక్కి పోతారు. ఆ కుర్రాణ్ణి అప్పుడే బోను ఎక్కించకండి.

పక్కగది_ప్రాణి
@మబ్బుల_మారాజు బోను ఎక్కించడం లేదండీ. నీటి ఆవిరి అంటున్నాడు, అది నిజమా కాదా అని అడుగుతున్నా, అంతే.

ల్యాబ్_కోటు
కాదు. వేప్‌లో పోసే లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వాటిలో నికోటిన్, ఫ్లేవర్ కలుపుతారు. కాయిల్ వేడికి అది ఆవిరై, వెంటనే చల్లబడి, ఒక్కో బొట్టు కంటికి విడిగా ఆననంత సన్నటి తుంపరగా మారుతుంది. తెల్లగా కనిపించే మబ్బు ఆ తుంపరే. కాయిల్ మరీ వేడెక్కినా, లిక్విడ్ అయిపోయి లోపలి దూది మాడినా, ఆ గ్లైకాల్, గ్లిజరిన్ విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, అక్రోలిన్ పుడతాయి. కళ్ళనీ గొంతునీ మండించడంలో అక్రోలిన్ పేరుమోసినది. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాలు కూడా అతి కొద్దిగా కలుస్తాయి.

ఇక మారాజు గారు చెప్పినదీ అబద్ధం కాదు. లోపలికంటా పీల్చేవాళ్ళు నికోటిన్‌లో 90 శాతానికి పైగా తమలోనే ఉంచేసుకుంటారు, బయటికొచ్చేది మిగిలిన కాస్త. నోట్లో పట్టి ఊదేసేవాళ్ళు ఇంకా ఎక్కువ వదులుతారు. 2018లో అమెరికాలో సైన్స్ సలహాలిచ్చే నేషనల్ అకాడమీస్ వాళ్ళు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని ఒక పెద్ద రిపోర్టు ఇచ్చారు. గదిలో వేప్ లాగితే గాలిలో నికోటిన్, సన్న కణాలు పెరుగుతాయనడానికి తిరుగులేని ఆధారం ఉందన్నారు. సిగరెట్ పొగతో పోలిస్తే పక్కవాళ్ళకి అందే మోతాదు తక్కువ అనడానికి ఓ మోస్తరు ఆధారం ఉందన్నారు. రెండూ ఒకే రిపోర్టులో ఉన్నాయి, ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకుంటున్నారు.

రెండు_చుక్కలు
అంటే పన్నీరూ కాదు, కాలకూటమూ కాదు. ఇంత చప్పగా తేల్చేస్తే చర్చ ఎలా నడుస్తుంది సార్?

లెక్కల_పిచ్చి
నడుస్తుంది, నేనున్నాగా. 2014లో స్పెయిన్ పరిశోధకులు ఇళ్ళలో గాలి కొలిచారు. సిగరెట్ తాగేవాళ్ళున్న ఇళ్ళలో నికోటిన్ ఘనపు మీటరుకి 0.74 మైక్రోగ్రాములు, వేప్ ఇళ్ళలో 0.13, ఏదీ లేని ఇళ్ళలో 0.02. వేప్ కంపెనీ వాడు చూస్తే "సిగరెట్ కంటే దాదాపు ఆరు రెట్లు తక్కువ" అని రాసుకుంటాడు. వ్యతిరేకించేవాడు చూస్తే "మామూలు ఇంటికంటే ఆరు రెట్లు ఎక్కువ" అని రాసుకుంటాడు. రెండూ కరెక్టే.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. ఆ ఇళ్ళలో ఉండే, ఏదీ తాగని మనుషుల లాలాజలంలో కోటినిన్ చూశారు. కోటినిన్ అంటే నికోటిన్ ఒంట్లోకి వెళ్ళాక మారే రూపం. సిగరెట్ ఇళ్ళవాళ్ళకి మిల్లీలీటరుకి 0.38 నానోగ్రాములు, వేప్ ఇళ్ళవాళ్ళకి 0.19, మిగతావాళ్ళకి 0.07. గాలిలో ఆరో వంతు ఉన్నది ఒంట్లోకి వచ్చేసరికి సగం అయింది. అంటే గాలి కొలత ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం.

మబ్బుల_మారాజు
@లెక్కల_పిచ్చి ఆ స్టడీలో వేప్ ఇళ్ళు ఎన్నో కూడా చెప్పాలి కదా మాస్టారూ. ఐదు! ఐదిళ్ళు చూసి ప్రపంచానికి తీర్పా?

లెక్కల_పిచ్చి
ఐదే, ఒప్పుకుంటా. అందుకే అది చాలదని పెద్దది చెబుతా, అది మీకే అనుకూలం. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే నుంచి 3 నుంచి 11 ఏళ్ళ పిల్లల రక్తపరీక్షలు తీసుకుని లెక్కేశారు, 1,700 మందికి పైగా. ఇంట్లో వేప్ మాత్రమే ఉన్న పిల్లల ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్, సిగరెట్ ఇళ్ళ పిల్లలతో పోలిస్తే సుమారు 84 శాతం తక్కువ. రెండూ లేని ఇళ్ళ పిల్లలకి 97 శాతం తక్కువ. 84కీ 97కీ మధ్య ఉన్నదే పక్కగది_ప్రాణి గారి హాల్లో తేలుతున్నది.

మబ్బుల_మారాజు
84 శాతం తక్కువ అని మీరే అంటున్నారు. ఇంకేం కావాలి?

ఊపిరి_తీసుకో
ఇంకేం కావాలో నేను చెబుతాను. మీ పోలిక సిగరెట్‌తో. నా పోలిక మామూలు గాలితో. మీరు సిగరెట్ మానేసి దీనికి వచ్చారు, మీ ఒంటికి అది లాభమే, కాదనను. నేను ఎప్పుడూ ఏదీ తాగలేదు. నా దగ్గరికి వచ్చి "సిగరెట్ కంటే నయం కదా" అంటే నాకేం ఒరిగింది? నేను సిగరెట్ అడగలేదు కదా!

నాకు చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి మానిటర్ వెనక్కి వంగి చిన్న పాడ్ (చిన్న సైజు వేప్) లాగుతుంది, మబ్బు కూడా పెద్దగా రాదు, పుదీనా వాసన మాత్రం వస్తుంది. కాసేపటికి నా ఛాతీ బిగుసుకుంటుంది. లిఫ్ట్‌లో ఎవరైనా లాగి దిగిపోయాక ఎక్కినా అంతే. మొదట్లో నేనూ మనసు భ్రమేమో అనుకున్నా, కానీ ఇన్‌హేలర్ ఎప్పుడెప్పుడు తీశానో రాసి పెట్టుకుంటే ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజుల్లో దాని అవసరమే రావడం లేదు. ఇప్పుడు సీటు మార్పించుకున్నా. కారణం ఏం చెప్పానంటే ఏసీ గాలి పడటం లేదని. ఆ అమ్మాయితో గొడవ ఎందుకని.

గాజుకళ్ళు
ఏసీ గాలి పడట్లేదు 😂 నేను చెప్పిన కారణం మెడనొప్పి.

మోడ్_డెస్క్
ఫలానా బ్రాండ్ ఎక్కడ దొరుకుతుందని అడిగిన పోస్టు తీసేశాను. ఇక్కడ కొనడం, అమ్మడం గురించి వద్దు.

లెక్కల_పిచ్చి
@ఊపిరి_తీసుకో మీది భ్రమ అనలేం. 2019లో ఫ్లోరిడా స్కూలు పిల్లల సర్వే మీద ఒక పేపర్ వచ్చింది, ఉబ్బసం ఉన్న పిల్లలనే తీసుకున్నారు. పక్కన ఎవరో వేప్ లాగుతుంటే పీల్చిన పిల్లల్లో ఆ ఏడాది ఉబ్బసం దాడి వచ్చే అవకాశం 27 శాతం ఎక్కువ కనిపించింది. 2022లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు మీద ఇంకోటి వచ్చింది, రెండు వేల మందిని ఏటా అడుగుతూ పోయారు. ఇంట్లో వేరేవాళ్ళు వేప్ లాగే చోట బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు) లక్షణాలు, ఆయాసం ఎక్కువ ఉన్నాయి, తాము ఏదీ తాగనివాళ్ళలో అయితే ఆ సంబంధం ఇంకా బలంగా కనిపించింది.

మబ్బుల_మారాజు
రెండూ అడిగి రాసుకున్న సర్వేలే. వేప్ ఇంట్లో సిగరెట్టూ ఉండొచ్చు, రోడ్డు పక్క ఇల్లు కావచ్చు, లారీ పొగ కావచ్చు. వేప్ వల్లే అని ఎలా తేలుతుంది?

లెక్కల_పిచ్చి
సిగరెట్ పొగని లెక్కలోంచి తీసేసే చూశారు సార్, అంత అమాయకులు కాదు. అయినా సర్వే సర్వేనే, కారణం ఇదేనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పదు, ఆ మాట వరకూ మీతో ఏకీభవిస్తా. నలభై ఏళ్ళ తర్వాత ఏమవుతుందో చూడటానికి అసలు ఈ వస్తువు పుట్టి అంతకాలం కాలేదు. సిగరెట్ సంగతి తేలడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో తెలిసిందేగా.

స్టేజీ_లైటు
ఈ చర్చలో నా మాట వింతగా ఉంటుందేమో. నేను నాటకాలకి, డాన్స్ ప్రోగ్రాములకి లైటింగ్ చేస్తాను. లైటు గీతలు కనబడటానికి స్టేజీ మీద వదిలే పొగ ఉంటుంది చూడండి, అందులోనూ చాలావాటిలో ఇవే గ్లైకాల్, గ్లిజరిన్. నికోటిన్ ఉండదు, అంతే తేడా. ప్రేక్షకులకి ఒక రాత్రి ముచ్చట. మాకు రిహార్సల్స్‌తో కలిపి రోజూ అదే గాలి. షో రోజుల్లో పొడిదగ్గు, గొంతు ఎండిపోవడం మా బ్యాచ్‌లో అందరికీ మామూలు. థియేటర్ పనివాళ్ళ మీద చేసిన స్టడీల్లో కూడా యంత్రానికి దగ్గరగా పనిచేసేవాళ్ళకే ఊపిరి ఇబ్బందులు ఎక్కువని వచ్చింది. "తినే వస్తువుల్లో కూడా వాడతారు, సేఫ్" అని మాకూ చెప్పేవాళ్ళు. తినడం వేరు, పీల్చడం వేరు. పొట్టకి సరిపడేదంతా ఊపిరితిత్తులకి సరిపడాలని ఏముంది?

ల్యాబ్_కోటు
@స్టేజీ_లైటు ఇది మంచి పాయింటు. ఫ్లేవర్ల విషయంలో దెబ్బ తగిలింది కూడా ఇక్కడే. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ తింటే ఏమీ కాదు. 2000 ప్రాంతంలో అమెరికాలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ పనివాళ్ళు అదే పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. గ్లైకాల్ అయితే తేమని పీల్చేసుకునే రకం, అందుకే గొంతూ కళ్ళూ ఎండిపోయినట్టు అనిపించడం.

పాతనిప్పు
ఆ పాప్‌కార్న్ లంగ్ నాకూ వాట్సాప్‌లో వచ్చింది. పక్కన కూర్చున్నా వస్తుందట. 2019లో అమెరికాలో జనం టపటపా పోయారు కదా, అది కూడా ఇదేనా?

ల్యాబ్_కోటు
కాదు, రెండు వేర్వేరు కథలు కలిపేశారు. 2019 నాటిది ఇవాలీ అనే ఊపిరితిత్తుల జబ్బు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. ప్రధానంగా దొరికిన దోషి విటమిన్ ఈ అసిటేట్, గంజాయి సరుకున్న వేప్‌లలో చిక్కదనం కోసం కలిపిన నూనె లాంటి పదార్థం. జబ్బు పడింది లాగినవాళ్ళు, పక్కన కూర్చున్నవాళ్ళు కాదు. పాప్‌కార్న్ లంగ్ విషయానికొస్తే, కొన్ని వేప్ ఫ్లేవర్లలో డయాసిటైల్ దొరికిన మాట నిజం, పక్కవాళ్ళకి ఆ జబ్బు వచ్చిందనడం వాట్సాప్ కవిత్వం. భయపెట్టడానికి ఇలాంటివి చెబితే బావమరిది ఒక్కసారి వెతికి అబద్ధమని తేల్చేస్తాడు, ఆ తర్వాత మనం చెప్పే నిజం కూడా వినడు.

పాతనిప్పు
అదీ నిజమే. ఫార్వర్డ్ చేసిన మా బాబాయికి ఇది చూపిస్తా.

మీటర్_మల్లి
మా ఇంట్లో గాలి నాణ్యత చూపించే చిన్న మీటర్ ఉంది. మా ఆయన స్నేహితుడు వచ్చి పక్క గదిలో, తలుపు ఓరగా వేసుకుని వేప్ లాగాడు. బెడ్‌రూమ్‌లో ఉన్న మీటర్ పచ్చ లైటు కాస్తా ముందు పసుపు, ఆ వెంటనే ఎరుపు. పీఎం 2.5 (గాలిలో సన్న కణాల లెక్క) అంకె వందలు దాటి పరిగెత్తింది. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో పెట్టిన రోజువారీ పరిమితి 15. నాకు కాళ్ళాడలేదు. తీరా చూస్తే కాసేపటికే మళ్ళీ పచ్చ. ఇదే మెట్ల దగ్గర ఎవరైనా సిగరెట్ తాగితే అంకె అంత ఎగరదు గానీ గంట గడిచినా దిగదు. ఏది నమ్మాలి?

ల్యాబ్_కోటు
@మీటర్_మల్లి మీటర్ లోపల చిన్న లేజర్ ఉంటుంది, ముందు నుంచి పోయే ప్రతి రేణువుకీ వెలుగు చెదిరితే లెక్కేసుకుంటుంది. దుమ్మూ తుంపరా దానికి ఒకటే. దాన్ని సరిచేసి పెట్టింది దుమ్ము కోసం కాబట్టి వేప్ తుంపరకి ఆ అంకెని అక్షరాలా నమ్మక్కర్లేదు, పెరిగిందన్నది మాత్రం నిజం. త్వరగా దిగడానికి కారణం తుంపర ఆరిపోవడం. సిగరెట్ పొగ కణాలు అలా ఆరవు, తేలుతూనే ఉంటాయి. కానీ తుంపర ఆరినంత మాత్రాన అందులోని నికోటిన్ మాయం కాదు, కొంత వాయువుగా ఉంటుంది, కొంత గోడలకీ కర్టెన్లకీ పడుతుంది.

కిటికీ_సీటు
కారులో చూడాలి దీని సంగతి. మా అన్నయ్య కారు అద్దం లోపలి వైపు వేలితో గీస్తే గీత పడుతుంది, జిడ్డు పొర. రాత్రి ఎదురు బండ్ల లైట్లు పడితే అద్దమంతా చెదిరిపోయి రోడ్డు కనబడదు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా అలుక్కుంటుంది. ఆయన ఒక్క అద్దమే దించి లాగుతాడు, గాలికి అదంతా తిరిగి వెనక సీటుకే వస్తుంది. వెనక సీట్లో ఎవరం? మేమే.

రెండు_చుక్కలు
మా ఫ్రెండ్ ఒకడు హోటల్ బాత్రూమ్‌లో "ఇది పొగ కాదు కాబట్టి అలారం మోగదు" అని లాగాడు. మోగింది. టవల్ చుట్టుకుని కారిడార్‌లో నిలబడి మేనేజర్‌కి నీటి ఆవిరి సిద్ధాంతం వివరించాడు.

ల్యాబ్_కోటు
వెలుగు చెదరడం చూసి మోగే రకం అలారం అయ్యుంటుంది. మల్లి గారి మీటర్ లాంటిదే.

పసిడి_అమ్మ
గోడలకి పడుతుందన్నారు కదా, మా బాబు ఇప్పుడే పాకుతున్నాడు, నేల మీద దొరికినవన్నీ నోట్లోకే. మా మరిది వచ్చినప్పుడల్లా హాల్లోనే లాగుతాడు. "పిల్లాడు పడుకున్నాకే కదా వదినా" అంటాడు. బాబు లేకుండా చూసి లాగితే సరిపోతుందా?

డ్యూటీ_నర్స్
@పసిడి_అమ్మ సరిపోదు. మబ్బు కనబడకుండా పోయినా నేలకీ సోఫాకీ బొమ్మలకీ కొంత నికోటిన్ అంటుకుంటుంది. సిగరెట్ ఇళ్ళతో పోలిస్తే అది తక్కువే, కానీ పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు, పెద్దవాళ్ళ కంటే ఊపిరి వేగంగా తీసుకుంటారు, ఒళ్ళేమో చిన్నది. ఇంటి లోపల వద్దు అన్నదే సులువైన రూలు. పడుకున్నాక, ఇంకో గదిలో, ఫ్యాన్ వేసుకుని లాంటి సవరణలన్నీ మెల్లగా హాల్లోకే తిరిగొస్తాయి.

అసలు నాకు పెద్ద భయం గాలిది కాదు. వేప్ లిక్విడ్ రీఫిల్ సీసా. తియ్యటి వాసన, రంగురంగుల లేబుల్. క్యాజువాలిటీలో ఒక పాపని చూశాను, సీసా మూత కొరికి కొంచెమే మింగింది, ఒళ్ళు తెల్లబోయి వాంతులు. సమయానికి తెచ్చారు కాబట్టి కోలుకుంది. మింగితే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు చేయొద్దు, ఉప్పు నీళ్ళు పట్టొద్దు, సీసా కూడా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి, లేదా మీరున్న చోట విషప్రమాదాల హెల్ప్‌లైన్ ఉంటే ముందు దానికి ఫోన్ చేయండి. చర్మం మీద ఒలికినా ఒంట్లోకి వెళ్తుంది, వెంటనే బాగా కడగాలి. సీసా, పాడ్‌లు, వాడి పారేసే వేప్‌లు అన్నీ పిల్లలకి అందనంత ఎత్తులో, వీలైతే తాళం వేసిన చోట ఉండాలి. మీ మరిది జేబులో ఉంచుకుని సోఫాలో కూర్చుంటే జారిపోయేవి కూడా ఇవే.

పసిడి_అమ్మ
అయ్య బాబోయ్. నిన్ననే సోఫా సందులో ఒకటి దొరికింది. నేను పెన్ను అనుకుని టేబుల్ మీద పెట్టా.

కొత్తచిగురు
నాకు ఐదో నెల. మా వారు "నికోటిన్ లేనిది తెచ్చా, ఇక నీకేం టెన్షన్ లేదు" అంటున్నారు. నిజంగా టెన్షన్ లేదా?

డ్యూటీ_నర్స్
నికోటిన్ అయితే మాయ దాటి బిడ్డకి చేరుతుంది, మెదడూ ఊపిరితిత్తులూ ఎదిగే దశలో అది మంచిది కాదు. లేనిదైతే ఆ ఒక్క బాధ తగ్గుతుంది, గ్లైకాల్, ఫ్లేవర్, వేడికి పుట్టేవి ఎలాగూ ఉంటాయి. పైగా సున్నా అని లేబుల్ వేసినవాటిలో కూడా పరీక్షిస్తే నికోటిన్ బయటపడిన సందర్భాలున్నాయి. ఆయన్ని బయటికి వెళ్ళి లాగమనండి, చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి కూడా ఈ విషయం చెప్పండి. చాలామంది "నేను తాగను కదా" అని ఆ ప్రశ్న దాటేస్తారు.

మీటర్_మల్లి
ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే?

ల్యాబ్_కోటు
హెపా ఫిల్టర్ కణాలని పడుతుంది, వాయువుల్ని పట్టదు. బొగ్గు పొర ఉన్నది కొన్నిటిని పడుతుంది, అది నిండిపోయాక మార్చాలి. ఎంత మంచి మిషన్ అయినా పక్క కుర్చీలో కూర్చున్నవాడి నోటికీ మీ ముక్కుకీ మధ్య దూరం తగ్గించలేదు, పెంచలేదు.

మబ్బుల_మారాజు
సరే, నా పద్ధతి చెబుతా. ఇంట్లో, కారులో, లిఫ్ట్‌లో, పిల్లలున్న చోట లాగను. బయట కూడా ఎవరైనా ఉంటే గాలి ఎటు పోతోందో చూసుకుంటా. ఇది సైన్స్ చదివి చేసింది కాదు, మర్యాద. నా బాధ వేరే. వేప్ లాగేవాణ్ణి సిగరెట్ తాగేవాళ్ళ గుంపులోకే తోసి "ఆ మూలకి పో" అంటారు, అక్కడ నిలబడితే నేను మానేసిన పొగే పీలుస్తూ లాగాలి. మళ్ళీ సిగరెట్ పట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు ముగ్గురు ఆ మూలలోనే పట్టుకున్నారు.

ఊపిరి_తీసుకో
ఇది ఒప్పుకుంటాను. ఇలా ఉండేవాళ్ళతో నాకు పేచీ లేదు.

లెక్కల_పిచ్చి
నేనూ ఒప్పుకుంటా. సిగరెట్ మానడానికి ప్యాచ్‌లూ గమ్ముల కంటే నికోటిన్ వేప్ ఎక్కువమందికి పనిచేస్తోందని వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష కూడా చెప్పింది. మానినవాడికి అది మందు అనుకోండి. మందు అయితే వేసుకోవలసినవాడే వేసుకోవాలి, హాల్లో అందరికీ పంచక్కర్లేదు.

పక్కగది_ప్రాణి
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మాట్లాడాను. లెక్కల_పిచ్చి గారి అంకెలు మొదలెట్టబోయా, వాడు ఫోన్ తీసి వేరే అంకెలు మొదలెట్టాడు. అది ఆపేసి "నాకు గొంతు పడటం లేదురా, పాప ఉంది, ఇంట్లో వద్దు" అన్నాను. "ముందే చెప్పొచ్చు కదా బావా" అన్నాడు. వాడు సిగరెట్ మానడానికే దీనికి మారాడట, ఆ సంగతి వాళ్ళక్కకి కూడా తెలియదు. ఇప్పుడు బాల్కనీలోకి వెళ్తున్నాడు, తలుపు మాత్రం తీసే పెడుతున్నాడు.

పాతనిప్పు
తలుపు తీసి పెడితే బాల్కనీ కూడా హాలే. వెళ్ళేవాడు తలుపు వేసుకుని వెళ్ళాలి, లాగాక కాస్త ఆగి లోపలికి రావాలి. ఆఖరి పఫ్ ఊపిరితిత్తుల్లో ఉంచుకుని లోపలికొచ్చి వదిలేవాళ్ళని చూశా నేను.

రెండు_చుక్కలు
అక్కకి తెలియని రహస్యం బావకి తెలిసింది. రాజ్యాంగం తలకిందులైంది.

చిలక_నేస్తం
ఇంత చర్చలో పక్షుల ఊసే లేదు. మా గదిలో రామచిలుక పంజరం ఉంది, రూమ్మేట్ అదే గదిలో లాగుతాడు. దానికి ఏమైనా అవుతుందా? ఈమధ్య తుమ్ముతోంది.

డ్యూటీ_నర్స్
నాకు మనుషుల సంగతే తెలుసు. తుమ్ముతోందంటే పక్షుల డాక్టర్‌కి చూపించండి.

ల్యాబ్_కోటు
@చిలక_నేస్తం పక్షుల ఊపిరి తీరే వేరు. లోపల గాలి సంచులుంటాయి, ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో పోతుంది, ఎగరడానికి కావలసిన ప్రాణవాయువంతా అలా లాగేసుకుంటాయి. గాలిలో ఉన్న చెడు కూడా అంతే సమర్థంగా ఎక్కుతుంది. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకే చనిపోతాయి. రూమ్మేట్ మారేదాకా ఆగకుండా ముందు పంజరం మార్చండి.

చిలక_నేస్తం
పంజరం ఇవాళే పక్క గదిలోకి మార్చేశా. రూమ్మేట్ అలిగాడు, చిలక అరుపు వినకపోతే వాడికి పొద్దున మెలకువ రాదట.